ఎర్రగుట్ట మీద డోలు

ఎర్రగుట్టపల్లి,
నార్కట్‌పల్లి దగ్గర.
శుక్రవారం, 11 మార్చి 1949.

నల్లగొండలో ఉన్న నిర్మలక్కకు నీ చెల్లెలు కౌసల్య నమస్కారాలు. నువ్వూ, రఘుపతి బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. దీని వెంటనే "ఇక్కడ మేమందరం క్షేమం" అని రాయాలని నువ్వే నేర్పావు. ఆ మాట రాయబోయి కలం ఆపాను. క్షేమంగా లేము. "మీరు" అని రాయాలని కూడా నేర్పావు. అలా రాసి చూశాను, ఎవరో పెద్దింటావిడకు అర్జీ పెట్టుకున్నట్టుంది. కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. కోపం తెచ్చుకోకు.

తొందరలో రాస్తున్నాను. నార్కట్‌పల్లి బంగ్లాలో ఉన్న మిలిటరీ క్యాంపుకు బియ్యం మోసే లారీ డ్రైవరు ఇస్రాయేలు మా బావి దగ్గర బండి ఆపాడు. ఇంజను చల్లారేదాకా ఉంటానన్నాడు. రేపు నల్లగొండ పోతాడట, ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తానని మాటిచ్చాడు. కూర్చుంటే కాలు నిలవడం లేదక్కా. రెండు మాటలు రాస్తాను, లేచి గడపదాకా పోయి బావివైపు చూస్తాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను. అక్షరాలు వంకరపోతే నువ్వు నేర్పింది మరిచిపోయానని అనుకోవద్దు.

ముందు అసలు సంగతి చెబుతాను. మా ఇంటాయననూ, ఆయన మేళాన్నీ మిలిటరీవాళ్లు పట్టుకుపోయి ఆ బంగ్లాలోనే ఉంచారు. విచారించే అధికారి మన బావగారే. వచ్చే సోమవారం వాళ్లను ఎక్కడో మరాఠీ మాట్లాడే ఊళ్ల జైలుకు పంపిస్తారట. వాళ్లు చేసిన నేరం డోలు కొట్టడం. ఆ డోలు ఎలా మోగుతుందో బావగారికి తెలియదు. నీకూ తెలియదు. కాబట్టి నేను నీకు చెప్పాలి, నువ్వు ఆయనకు చెప్పాలి. చప్పుడును కాగితం మీద ఎలా పెట్టాలో నాకు తెలియదు గానీ, ఇంకో దారి లేదు.

పోయిన ఏడాది రజాకార్లు మా గొర్ల కొట్టం తగలబెట్టినప్పుడు మా అత్త బీరమ్మా, నేనూ మేళ్లచెరువు మీదుగా జగ్గయ్యపేటకు వచ్చి మీ అమ్మగారి వసారాలో పడ్డాం కదా. మిషను బళ్లో పుష్పమ్మ టీచరు దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు తప్ప నాకేమీ రాదు అప్పుడు. నువ్వు పత్రికలు ఇచ్చి చదివించావు. నేను ఏం మాట్లాడినా నవ్వి, దిద్ది, మళ్లీ అనిపించేదానివి. ఒకరోజు మీ ఆయన ఏం చేస్తాడని అడిగావు. గొర్లు కాస్తాడు, డోలు కొడతాడు అన్నాను. ఓహో, సన్నాయి మేళంలోనా అన్నావు. నాకు నవ్వొచ్చింది. కాదక్కా అని చెప్పి వివరంగా చెప్పవలసింది. మజ్జిగ చిలకాలని లేచిపోయాను. ఆ రోజు చెప్పి ఉంటే నువ్వు ఎప్పుడో ఒకప్పుడు బావగారితో అని ఉండేదానివి, ఆయన చెవిన అది పడి ఉండేది అని ఇప్పుడు మనసు పీకుతోంది.

ఇప్పుడు విను. మా గొల్లకురుమల్లో దేవుని కథ చెప్పే మేళాన్ని ఒగ్గు మేళం అంటారు. కథ చెప్పేది మా పెద్దమామ ఐలేశం. డోళ్లు రెండు. ఒకటి మా ఇంటాయనది, ఒకటి ఎల్లయ్యది. మా ఇంటాయన పేరు నోటితో అననని నీకు తెలుసు, నువ్వు ఎన్నిసార్లు ఏడిపించావో! రాయడం అనడం కాదు కదా, బావగారి కాగితాల్లో వెతకడానికి కావాలి కాబట్టి రాస్తున్నాను. రాములు. మిగిలినవాళ్లు తాళాలు వేస్తారు, నపీర అనే బూర ఊదుతారు. అందరూ పసుపుపచ్చ బట్టలు కట్టి కాళ్లకు గజ్జెలు కట్టుకుంటారు.

డోలుకు రెండు ముఖాలు. కుడివైపు కట్టెతో కొడతారు, ఎడమవైపు ఉత్త అరచేత్తో. కట్టె దెబ్బ అందరికీ వినబడుతుంది, పక్క ఊరి కుక్కలకు కూడా. అరచేతి దెబ్బ అలా కాదు. పెద్ద కుండలో జొన్న గట్క ఉడికేటప్పుడు అడుగునుంచి ఒక చప్పుడు వస్తుంది చూడు, ఆ కుండను పొట్టకు ఆనించుకుని నిలబడినట్టుంటుంది. చెవికంటే ముందు కడుపుకు తెలుస్తుంది. కట్టె ఎవడైనా వేస్తాడు, డోలు మనిషి ఎవడో ఎడమచేతిలో చూడాలి అంటాడు పెద్దమామ.

పెద్దమామ గొంతు బాగుంటుందని నేను అబద్ధం చెప్పను. పొద్దంతా గొర్లను అదిలించే గొంతు, బొంగురుగా ఉంటుంది. మీ ఊళ్లో హరికథ చెప్పిన భాగవతారుగారి ముందు ఈయన నోరు తెరిస్తే మీవాళ్లు లేచిపోతారు. కానీ దేవుని తల్లి అడవిలో బిడ్డను విడిచిపెట్టే చోటుకు వచ్చేసరికి ఆ బొంగురు గొంతే సన్నగా అయిపోతుంది. కట్టెలు ఆగిపోతాయి. అరచేతులే మిగులుతాయి. తాళాలు అంచులు తాకీ తాకనట్టు అంటాయి. ఆడవాళ్లం కొంగులు నోట్లో కుక్కుకుంటాం. మొగవాళ్లు కంట్లో నలుసు పడ్డట్టు గుట్టవైపు తిరుగుతారు. ఆ తర్వాత ఒక్కసారి నపీర కేక వేస్తుంది, రెండు డోళ్లూ కట్టెకు ఎక్కుతాయి, గజ్జెలు కదులుతాయి, బిడ్డ బతికాడని పెద్దమామ చెప్పకముందే మాకు తెలిసిపోతుంది. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇది రాస్తుంటేనే వేళ్లు కాగితం మీద వరస వేస్తున్నాయి.

రెండు డోళ్ల సంగతి బావగారికి బాగా చెప్పాలి నువ్వు. ఒకటి అడిగినట్టు, ఇంకొకటి జవాబిచ్చినట్టు మోగుతున్నాయి కాబట్టి అది కమ్యూనిస్టు సంఘంవాళ్లు కొండల్లో దాక్కున్న తమవాళ్లకు పంపే కబురని ఆయన అనుకుంటున్నారట. మీ అమ్మగారి పెరట్లో మనిద్దరం ఒకే రోట్లో కారం దంచిన రోజు గుర్తుందా? మొదట రోకళ్లు గుద్దుకున్నాయి. నీ గాజు చిట్లి మీ అమ్మగారు నన్ను కోప్పడ్డారు. తర్వాత కుదిరింది, నీది లేస్తే నాది దిగేది. కుదిరాక నువ్వు ఆపలేకపోయావు. తుమ్ముతావు, నవ్వుతావు, మళ్లీ వేస్తావు. ఆ రెండు డోళ్లూ అంతే. ఆ రోజు మనం ఎవరికి కబురు పంపామో బావగారిని అడుగు.

రజాకార్ల కాలంలో డప్పు కొట్టి ఊళ్లను లేపిన మాట నిజమే. నేను దాచను. ఆ చప్పుడు విని నేనే పక్కింటి పిల్లలను చంకనేసుకుని జొన్నచేలల్లో దాక్కున్నాను. కానీ అది డప్పు, ఒకటే వరస, మధ్యలో ఆగదు. మా డోలు ఆగుతుంది. కథ చెప్పేవాడు ఊపిరి తీసుకోవాలి, వినేవాళ్లు "ఆఁ, తర్వాత?" అనాలి. మనుషులు పరుగెత్తాలని కొట్టే చప్పుడు వేరు, కూర్చోవాలని కొట్టే చప్పుడు వేరు.

మరి ఎందుకు పట్టుకున్నారంటావా? అది తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మా కులదేవుడు బీరప్ప పండుగ చేసుకుంటున్నాం. రెండేళ్లుగా భయంతో చేసుకోలేదు. యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం దిగిపోయాడు, ఇక భయమేమిటని ఈసారి పట్నం వేశాం. పట్నం అంటే ఊరు కాదక్కా, నేలమీద పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడులతో వేసే పెద్ద ముగ్గు. దాని ముందు దేవుని పెళ్లి కథ చెబుతారు. పెళ్లి అయ్యాకే దాన్ని తొక్కి చెరపాలి. పొద్దు గూట్లో పడే వేళకు కథ మంచి పట్టులో ఉంది. అప్పుడు మిలిటరీ జీపు వచ్చింది.

మాలో ఒక పద్ధతి ఉంది. కథ జరిగేచోటికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా, దొర గానీ బిచ్చగాడు గానీ, డోళ్లు వాళ్లకు ఎదురు పోతాయి. ఆడుకుంటూ, గిరగిరా తిరుగుతూ పోయి వాళ్ల రొమ్ముకు ఆనినంత దగ్గరగా కొడతారు. వచ్చినవాళ్లు దండం పెట్టేదాకా ఆపరు. జనమంతా లేచి దారి ఇస్తారు. అది మర్యాద. మనల్ని రజాకార్ల నుంచి కాపాడినవాళ్లు కదా అని ఆ రోజు మామూలుకంటే గట్టిగా కొట్టారు! ఆ సిపాయిలు ఏ దేశంవాళ్లో. వాళ్లు చూసింది ఏమిటంటే, జీపు రాగానే డోళ్లు చెలరేగాయి, ఊరంతా లేచి నిలబడింది, మొగవాళ్లు కట్టెలు ఎత్తి మీదికి వస్తున్నారు. తుపాకులు ఎత్తారు. తుపాకి చూసి కొందరు పరుగెత్తారు. ఈ రోజుల్లో తుపాకి చూసి పరుగెత్తనివాడు ఎవడు? వాళ్లను తప్పించడానికే డోలు కొట్టారని కేసు. మేళాన్నంతా గజ్జెలు విప్పనివ్వకుండానే లారీ ఎక్కించారు. లారీ గతుకుల్లో పోతుంటే ఆ గజ్జెలు ఊరి చివరిదాకా వినబడ్డాయి.

పట్నం అలాగే ఉంది. పెళ్లి సగంలో ఆగిపోయింది కాబట్టి చెరపకూడదు. మా అత్త దాని మీద గంపలు బోర్లించి, చుట్టూ గొంగళ్లు కట్టి కాపలా కూర్చుంది. ఈ మార్చి గాలికి ఎంతని కాపాడుతుంది? రోజూ కొంచెం కొంచెం పసుపు ఎగిరిపోతోంది. ఆమె చూపు దానిమీదే, నా చూపు నార్కట్‌పల్లి దారిమీద.

ఇందాక రాయడం ఆపవలసి వచ్చింది. జీపు చప్పుడు విని కాగితం జొన్నల కుండలో దాచాను. మా ఊళ్లోకి రాలేదు, గుట్టవైపు పోయింది. ఇస్రాయేలు ఇంకా ఉన్నాడు, తొందరపెడుతున్నాడు.

గుట్టవైపు జీపు ఎందుకు పోతుందో నువ్వు బావగారి దగ్గర వినే ఉంటావు. మేళాన్ని పట్టుకుపోయాక కొద్దిరోజులనుంచి గొర్లు ఇల్లు చేరే వేళకు ఎర్రగుట్ట మీద డోలు మోగుతోంది. గాలి అటు ఉంటే బంగ్లాదాకా వినబడుతుందట. సిపాయిలు పోయేసరికి ఎవరూ ఉండరు. గుట్ట మీద ఎవరో కొడుతున్నారు. ఎవరైనా కావచ్చు. గొర్లకాపరులు పదిమంది తిరిగే చోటు. మా అత్త మాత్రం బీరప్పే కొడుతున్నాడని ఆ చప్పుడు వినగానే లేచి దండం పెడుతుంది.

ఆ చప్పుడే వాళ్లను లోపల ఉంచుతోందని ఈ రోజు ఇస్రాయేలు చెప్పాడు. ముఠాలో మిగిలినవాడు ఇంకా కబురు పంపుతున్నాడు, వాడు దొరికేదాకా వీళ్లను వదలడం కుదరదు అన్నారట బావగారు. వాడి పేరు చెబితే ఆ రోజే ఇంటికి పంపిస్తానని ఒక్కొక్కరినీ పిలిచి అడిగారట. పెద్దమామ తెలియదన్నాడు. ఎల్లయ్య తెలియదన్నాడు. మా ఇంటాయన కూడా తెలియదనే అన్నాడట.

కానీ బియ్యం బస్తాలు దించేటప్పుడు ఇస్రాయేలుతో ఒక మాట అన్నాడు. ఇస్రాయేలు దాన్ని బావి దగ్గర అందరికీ నవ్వుతూ చెప్పాడు. "గది మా నాయిన డోలే. కొట్టెటోడు ఎవడో గని కట్టె మంచిగనే ఏస్తాండు, ఎడమచెయ్యే మెత్తగున్నది. జర అరచెయ్యి ఆనిచ్చి కొట్టుమను" అన్నాడట. చూశావా, బందీగా కూర్చుని కూడా తప్పులు పట్టడం మానలేదు. ఎవరికి చెప్పమన్నట్టో! అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. బిందె అక్కడే పెట్టి ఇంటికి వచ్చి నీకు ఉత్తరం మొదలుపెట్టాను.

అక్కా, బావగారు మంచివారు. జగ్గయ్యపేటలో మా అత్తకు జ్వరం వస్తే డాక్టరును తీసుకొచ్చింది ఆయనే. ఆయనకు మా మీద పగ లేదు. తెలియని చప్పుడు వింటే ఎవరికైనా భయమే. మద్రాసు నుంచి వచ్చి ఈ రాళ్ల మధ్య రోజూ పొద్దుగూకే వేళకు అది వింటూ కూర్చుంటే ఆయనకు మాత్రం అన్నం సయిస్తుందా? నేను రాసిందంతా ఆయన భోజనం చేశాక, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు చదివి వినిపించు. రోటి సంగతి తప్పకుండా చెప్పు. ఒక్కసారి ఆ డోళ్లు వాళ్ల చేతికిచ్చి, క్యాంపు ముందే కథ చెప్పించి వినమను. విన్నాక కూడా కబురే అనిపిస్తే అప్పుడు పంపించమను.

పిల్లలకు నా ముద్దులు. మీ అమ్మగారికి ఉత్తరం రాస్తే కౌసల్య అడిగిందని రాయి. సోమవారం దగ్గరకొస్తోంది. నీ మీద పెట్టుకున్న ఆశ ఇంకెవరి మీదా లేదు.

ఇట్లు,
నీ చేత అక్షరాలు దిద్దించుకున్న చెల్లెలు
కౌసల్య

తా.క. ఉత్తరం ఇస్రాయేలు చేతికి ఇచ్చేశాను. లారీ కదిలింది. మనసు ఒప్పక వెంట పరుగెత్తి ఆపించాను. లారీ ముక్కు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, వేడికి చెయ్యి కాలుతోంది. ఇస్రాయేలు ఆ పక్కకు పోయి బీడీ కాల్చుకుంటున్నాడు.

పైన ఒకచోట గుట్ట మీద ఎవరో కొడుతున్నారని రాశాను. ఎవరో కాదు, నేనే. మేళం డోళ్లు రెండూ సిపాయిలు తీసుకుపోయారు గానీ మా మామగారి పాత డోలు అటక మీద ఉండిపోయింది. గొంగట్లో చుట్టి, గొర్లను తోలుకుపోతున్నట్టు పోయి కొట్టాను. సిపాయిలు వచ్చేసరికి మంద మధ్యలో కూర్చుని ఉంటాను, ఆడదాన్ని ఎవరూ అడగరు. మాలో ఆడవాళ్లు డోలు ముట్టరు. అత్తకు తెలిస్తే ఆ పట్నం మీదే పడి ఏడుస్తుంది. పెళ్లి సగంలో ఆగిపోయిందని ఆయన అక్కడ దిగులు పడకూడదని, కథ నడుస్తూనే ఉందని వినిపించాలని కొట్టాను. అదే ఆయనకు సంకెల అవుతుందని ఈ రోజుదాకా తెలియదు. తెలిశాక కూడా నీకు పైన అబద్ధం రాశాను. భయమేసిందక్కా.

పెళ్లయిన కొత్తలో ఆయన అదే గుట్ట మీద డోలు ఎండకు పెట్టి గొర్లను నీళ్లకు తోలుకుపోయాడు. ఎవరూ లేరు కదా అని కట్టె తీసుకుని కొట్టాను. ఎప్పుడు తిరిగొచ్చాడో, వెనక నిలబడి విన్నాడు. తిడతాడనుకున్నాను. నా ఎడమచేయి పట్టుకుని తోలు మీద పెట్టి, "మెత్తగున్నది. అరచెయ్యి ఆనిచ్చి కొట్టు" అన్నాడు. ఆ మాట మా ఇద్దరికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

అంటే కొట్టేది ఎవరో ఆయనకు తెలుసు. పేరు చెబితే ఇంటికి పంపిస్తానని బావగారు అడిగినప్పుడు కూడా తెలుసు. సోమవారం లారీ ఎక్కి ఆ తెలియని ఊళ్లకు పోతాడు గానీ చెప్పడు.

అందుకని నేను చెబుతున్నాను. ఆదివారం పొద్దున డోలు తీసుకుని మీ ఇంటికి వస్తాను. బావగారిని ఎక్కడికీ పోనివ్వకు. ఆయన ముందే కొడతాను, విని, పట్టుకోవాలంటే నన్ను పట్టుకుని వాళ్లను వదిలిపెట్టమను. ఈ సాయంత్రం మాత్రం ఒక్కసారి గుట్టకు పోతాను. జీపు ఉన్నా పోతాను. ఆయన మాట నాకు అందిందని ఆయనకు తెలియాలి. ఎడమచేయి ఆనించి కొడతాను.